బతికున్న పిల్లలు: ఒకరు

నాకు ఏదో తేడా వచ్చిందని తెలిసిన రోజు ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు. రుద్రవరం దగ్గర మా పల్లెలో బావి గట్టున నిలబడి నీళ్ళు చేదుకుంటున్నాను. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, వానాకాలం అయిపోవస్తోంది. నా ఇద్దరు పిల్లలూ పోయి అప్పటికి నలభై రోజులు.

వాంతులు, బేదులు. ఆ ఏడు మా వైపు చాలా ఇళ్ళలో వచ్చాయి. మా యోహానుకు ఆరేళ్ళు, ప్రేమకు మూడేళ్ళు. ఇద్దర్నీ ఒకే బండిలో వేసుకుని ఆళ్ళగడ్డకు తీసుకుపోయాం. సెలైన్ ఎక్కించారు. వాడు బుధవారం పోయాడు. అది శుక్రవారం పోయింది. ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు, క్షమించండి.

బావి దగ్గర పక్కింటి సారమ్మవ్వ నా బిందె అందుకుని, "ఏడ్చింది చాలు లేమ్మే. ముప్పై ఏండ్లన్నా లేవు నీకు. మల్లా కంటావులే" అంది.

నా చెయ్యి దానంతటదే బొడ్డు కింద కుట్టు మీదికి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఆపరేషన్ చేయించుకున్న సంగతి నిజంగానే మరిచిపోయాను. బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి కూచున్నాను. నాకు మళ్ళీ పిల్లలు పుట్టరు అనే మాటను నాకు నేను చెప్పుకోవడం అదే మొదటిసారి.

ఆపరేషన్ సంగతి చెప్పాలి. మా ఆయన ఆశీర్వాదం మా పల్లె బడిలో హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు, ఆ బడికి ఉన్నది ఆయనొక్కడే. డెబ్బై ఆరులో మాస్టర్లు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకురావాలని పైనుంచి ఒత్తిడి. ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క 'కేసు' అనేవాళ్ళు. ఊళ్ళో ఈయన్ని చూస్తే మగవాళ్ళు చేను గట్లెంబడి పారిపోయేవాళ్ళు. నేను ప్రేమను కని అయిదు రోజులయింది. "మనకు చాలు గదా సుగుణా" అన్నాడు. అవునన్నాను. ఆ నెల ఆయన కేసు నేనే. బలవంతం ఎవరూ చెయ్యలేదు. నా ఇష్టంతోనే ఆళ్ళగడ్డలో బల్ల ఎక్కాను, ఆ మాట దాచను.

బల్ల ఎక్కకముందు కాగితాలు రాసుకునే ఆయన, "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగాడు. ఒళ్ళో ప్రేమ. పక్కన యోహాను. నా కొంగు పట్టుకుని రూతు. "ముగ్గురు సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

రూతు నేను కన్న బిడ్డ కాదు. మా ఆయన చెల్లెలు కరుణమ్మ బిడ్డ. కరుణమ్మ కొలిమిగుండ్లలో పురిటిలోనే పోయింది. దాని తండ్రి ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నెల బిడ్డను గుడ్డలో చుట్టి మా అత్త తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది, కడుపు రాలేదు. మా అత్త ఒకటే చెప్పింది: "ఎత్తుకొచ్చిన బిడ్డ ముందర కన్నోళ్ళ మాట ఎత్తొద్దు. ఎత్తితే బిడ్డ నిలవదు." మా ఇళ్ళలో అది గట్టి పట్టింపు. ఎవరూ ఎత్తలేదు. ఊరంతా తెలిసినా ఊళ్ళో ఒక్కరూ దాని ముందర నోరు జారలేదు. బళ్ళో చేర్చుకున్నప్పుడు మా ఆయన తండ్రి పేరు దగ్గర తన పేరే రాసుకున్నాడు. నన్ను అమ్మా అనేది, ఆయన్ను నాయనా అనేది. ఎవరడిగినా నాకు ముగ్గురనే చెప్పేదాన్ని. దాన్ని పక్కన పెట్టుకుని ఇద్దరని ఎలా చెప్తాను?

పిల్లలు పోయాక రూతు మాటలు తగ్గించేసింది. నేను కూడా. మా ఆయన బడి వదిలినా ఇంటికి వచ్చేవాడు కాదు, చీకటి పడేదాకా బళ్ళోనే కూచునేవాడు. ఆదివారం ప్రార్థనలో ఆడవాళ్ళు తమ పసిబిడ్డల్ని నా చేతికివ్వడం మానుకున్నారు. చెడ్డవాళ్ళయి కాదు, నేను బాధపడతానని. నాకేమో ఒక్కరన్నా ఇస్తే బాగుండని ఉండేది. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండి ఎవరి మూల వాళ్ళు పట్టుకున్నాం.

అలాంటప్పుడు మా పల్లెకు వచ్చే నర్సమ్మ ఒక మాట చెప్పింది. "అక్కా, మల్లా కలిపే ఆపరేషన్ ఉండాదంట. రీకెనలైజేషన్ అంటారు. పిల్లలు పోయినోళ్ళకు గవర్నమెంటే ఉత్తపుణ్యానికి చేస్తాదంట. నంద్యాలలో అడుగు."

ఆ మాట పట్టుకుని నాలుగు బస్సులు మారినా పోయేదాన్నే. ఎనభైలో సంక్రాంతి వెళ్ళాక నంద్యాల పోయాం. లేడీ డాక్టరమ్మ పరీక్ష చేసి చేతులు కడుక్కుంటూ, "నీకు జబ్బేమీ లేదమ్మా. నీది చేయించుకున్న ఆపరేషన్. అందుకే ముందు జబ్బు కాదు, అర్హత చూస్తారు" అంది. మా ఆయనకు సెమెన్ టెస్ట్ రాసింది. ఆయన ఆ చీటీ చూసి చెవులదాకా ఎర్రబడ్డాడు. నార్మల్ అని వచ్చింది. నాకు బ్లడ్, యూరిన్, ఎక్స్‌రే. వయసు సరిపోయింది. ఒంటి వరకు నేను పాసయ్యాను.

తర్వాత కాగితాలు. ఆపరేషన్ సర్టిఫికెట్, పిల్లల మరణ సర్టిఫికెట్లు ఇచ్చాం. గుమస్తా వాటిని పక్కపక్కన పెట్టి చూశాడు. మంచివాడే, కుర్చీ చూపించి కూచోమన్నాడు.

"దీంట్లో ముగ్గురని ఉండాది. పోయింది ఇద్దరంటాండారు. మూడో బిడ్డ యాడుండాది?"

"ఇంట్లోనే సార్."

"అట్లయితే బతికున్న పిల్లలు ఒకరు. పిల్లలు ఎవురూ లేనోళ్ళకే ఈ ఆపరేషన్. మీకు కుదర్దమ్మా."

మా ఆయన విషయం అంతా చెప్పాడు. గుమస్తా విని, "మీరు చెప్పేది నేను నమ్ముతా సారూ. ఫైలు నమ్మాల గదా" అన్నాడు. నా దరఖాస్తు మీద ఎర్ర పెన్సిలుతో రాశాడు: బతికున్న పిల్లలు, ఒకరు. నంద్యాల బస్టాండులో బల్ల మీద కూచుని ఆ మాటను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకపక్క అది నిజమే. నాకొక బిడ్డ ఉంది. దానికి నేను సంతోషించాలి. సంతోషించలేకపోయాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఊళ్ళో అప్పట్లో చావు పుట్టుకలు రాసేది గ్రామ మునసబు. ఏం చెయ్యాలో అడుగుదామని ఇద్దరం ఆయన దగ్గరికి పోయాం. ఆయన తమలపాకు నములుతూ తేలిగ్గా చెప్పాడు.

"ఇద్దర్ని రాసినా గదప్పా. మూడోదాన్ని గూడా అదే వారంలో రాసేస్తా, ఒక లైను పని. పిల్ల బతికే ఉంటాది, కాగితంలో పోతాది. ఎవురొచ్చి చూస్తారు?"

మా ఆయన మాట్లాడలేదు. మాట్లాడకుండా నిలబడ్డాడంటే ఆలోచిస్తున్నాడని అర్థం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందన్నా ఆ మాట? ఇద్దర్ని పూడ్చిపెట్టి వచ్చినా. బతికుండేదాన్ని గూడా పూడ్చమంటావా? మాకొద్దు" అన్నాను. దారిలో మా ఆయన్ను కూడా తిట్టాను. ఆ రోజంతా నేను రూతును కాపాడుకున్నానని గర్వంగా ఉండింది.

మిగిలింది నిజం చెప్పే దారి. రూతు మాకు పుట్టలేదని రుజువు చేసుకోవాలి. కొలిమిగుండ్ల గుడిలో బాప్తిస్మం పుస్తకంలో కరుణమ్మ పేరు, దాని మొగుడి పేరు ఉన్నాయి. అక్కడి పాస్టరుగారు నకలు రాసిచ్చారు. రూతు తండ్రి కూడా సంతకం పెట్టాడు, బిడ్డ ఎలా ఉందని మాత్రం అడగలేదు. ఆ కాగితాలన్నీ పట్టుకుని ఆళ్ళగడ్డలో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. ఆర్నెల్లకు ఎంక్వయిరీకి ఒక ఇన్‌స్పెక్టరును పంపుతామన్నారు.

ఆయన ఒక సోమవారం పొద్దున వచ్చాడు. బడి వరండాలో కుర్చీ వేశారు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బడి రిజిస్టరులో మా ఆయన పేరు ఉంది కాబట్టి ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చింది.

"పిల్లనొకసారి పిలవండి" అన్నాడు.

రూతు పలక పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. అప్పటికి దానికి తొమ్మిది నిండాయి. పేరడిగాడు, చెప్పింది. ఏ తరగతి అని అడిగాడు, చెప్పింది. ఇక లోపలికి పోమని అనాలని ఆయనకు తట్టలేదు. మా ఆయనకూ తట్టలేదు. నాకు తట్టింది. కానీ ఎక్కడ ఇన్‌స్పెక్టరు మనసు మారుతుందోనని, ఇంకేం మెలిక పెడతాడోనని నోరు మూసుకున్నాను.

"ఈ అమ్మాయిని నువ్వు కన్నావా?"

"లేదు సార్."

"ఎవరి బిడ్డ?"

"మా ఆడబిడ్డ బిడ్డ సార్."

"ఆమె ఏది?"

"ఇది పుట్టినప్పుడే చచ్చిపోయింది సార్."

"అయితే నీకు పుట్టిన బిడ్డల్లో ఇప్పుడు బతికున్నోళ్ళు ఎవరూ లేరు. అంతే కదా?"

"ఎవరూ లేరు సార్."

నేను ఆయన కలం వైపే చూస్తూ చెప్పాను. సంతకం పెట్టాను. తర్వాత ఆయన బడి రిజిస్టరు కూడా సరిచెయ్యమన్నాడు. మా ఆయన తన పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి, కొలిమిగుండ్ల మనిషి పేరు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. అప్పటిదాకా రూతు అక్కడే నిలబడి ఉంది. గీత కొట్టడం కూడా చూసింది. ఇన్‌స్పెక్టరు లేచాక పలక తీసుకుని లోపలికి పోయి ఎక్కాల్లో కలిసింది.

చచ్చిందని మునసబు రాస్తానంటే ఒప్పుకోని దాన్ని, నిజం చెప్పే తొందరలో దాని ముందరే దాన్ని కాదనేశాను.

అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే పట్టుకుని ఏదో ఒకటి చెప్పేదాన్ని. అన్నం తింది, పడుకుంది, బడికి పోయింది. వారం తర్వాత నేను పొయ్యి దగ్గర ఉంటే వెనకనుంచి, "అత్తా, బియ్యంలో రాళ్ళు ఏరేదా?" అంది. ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగాను. తర్వాత తెలిసింది, సారమ్మవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, మేనమామ పెండ్లాన్ని ఏమని పిలవాల?" అని అడిగిందట. మా ఆయన్ను మామా అనడం కూడా ఆ రోజే మొదలుపెట్టింది.

"ఏరు" అన్నాను. అంతే.

అర్హత ఉందని కాగితం వచ్చింది. ఎనభై ఒకటిలో కర్నూలులో ఆపరేషన్. పదహారు రోజులు వార్డులో ఉన్నాను. మా ఆయనకు సెలవు దొరకలేదు, మా అమ్మ అప్పటికే లేదు. నా పక్క మంచం ఆమెకు పొద్దున సాయంత్రం మనుషులు వచ్చేవాళ్ళు. వాళ్ళ ఫ్లాస్కులోంచి నాకు కూడా కాఫీ పోసేవాళ్ళు. వాళ్ళకు నా పేరు కూడా తెలియదు. కుట్టుకు చీము పట్టింది, జ్వరం వచ్చింది, ఒక మూల కుట్లు విప్పి మళ్ళీ వేశారు. డాక్టరు రౌండ్సుకు వచ్చి చెప్పిన మాట: "ఎడమవైపు ట్యూబు పనికిరాదమ్మా, ముక్క మిగల్లేదు. కుడివైపు ఒక్కటే కలిపాం. గ్యారంటీ ఏం లేదు. నెల తప్పితే మాత్రం వెంటనే వచ్చి చూపించుకో." ఆ చివరి మాట ఎందుకన్నాడో నేను అడగలేదు. శుభవార్త చెప్పడానికేమో అనుకున్నాను.

ఏడాదిన్నర ఎదురుచూశాను. ఎనభై మూడు మొదట్లో నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. దిష్టి తగులుతుందని. డాక్టరు దగ్గరికి కూడా పోలేదు. మూడో నెల నిండనీ, పోదాం అనుకున్నాను. పన్నెండు రోజులు, అవి మాత్రం సంతోషంగా గడిచాయి. ఒక్కదాన్నే సంతోషపడ్డాను.

పదమూడో రోజు కడుపులో కుడివైపు కత్తితో కోసినట్టు నొప్పి వచ్చింది. భుజం కూడా నొచ్చింది. కడుపుకూ భుజానికీ ఏం సంబంధమో అర్థం కాలేదు. మా ఆయన, రూతు నన్ను ఆళ్ళగడ్డ తీసుకుపోయారు. బస్టాండులో దిగుతూనే పడిపోయాను. అక్కడ చూసి వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నారు. జీపు మాట్లాడి పోయాం.

"ఎక్టోపిక్. గర్భం ట్యూబులోనే నిలిచింది, ట్యూబు పగిలింది. లోపలంతా రక్తం. ట్యూబు తీసెయ్యాలి" అని లేడీ డాక్టరమ్మ మా ఆయనకు చెబుతుంటే విన్నాను. మిగిలిన ఒక్క ట్యూబు అదే. ఆయన సంతకం పెట్టి రక్తం కోసం పరిగెత్తాడు.

మళ్ళీ తెలివి వచ్చేసరికి తెల్లవారింది. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరు. నా మంచం పక్కన స్టూలు మీద రూతు ఉంది. దానికి పన్నెండేళ్ళు. నాకు నీళ్ళు తాగనివ్వకూడదన్నారు. అది తడిగుడ్డ పిండి నా పెదాలు తుడుస్తోంది. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు కేస్‌షీటు చూస్తూ అడిగింది.

"నువ్వేమవుతావు పాపా ఈమెకు?"

"మేనకోడల్ని."

తడుముకోకుండా చెప్పింది. కోపంగా చెప్పలేదు. అడిగిన ఆఫీసరుకు ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. నర్సు రాసుకుని పోయింది. రూతు గుడ్డ మళ్ళీ తడిపింది. నాకు గొంతులో తడి లేదు, పొట్ట నిండా కుట్లు. లేచి ఆ నర్సును పిలిచి అది నా కూతురు అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పలేదు. చెప్పుకునే హక్కును నేనే సంతకం పెట్టి ఇచ్చేశాను కదా.

తొమ్మిది రోజులు అది నా పక్కనే ఉంది. బెడ్‌పాన్ పెట్టింది, జడ వేసింది, బ్రెడ్డు పాలల్లో ముంచి పెట్టింది. కన్న కూతుళ్ళు అంతకంటే ఏం చేస్తారో నాకు తెలియదు. ఇంటికి వచ్చాక ఒకసారి ధైర్యం చేసి, "రూతూ, నన్ను మునుపటి మాదిరి పిలువు తల్లీ" అన్నాను.

"పిలవాలనే అనుకుంటా అత్తా. నోరు తిరగదు" అంది.

నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇది రాసేనాటికి ఆరేళ్ళయింది. పొట్ట మీద మూడు గీతలు, బరువెత్తితే కొంచెం లాగుతుంది, అంతే. ఆరోగ్యంగానే ఉన్నాను. మా ఆయన కూడా. బడి వదలగానే ఇంటికి వచ్చేస్తాడు ఇప్పుడు. ఇద్దరం పెద్దగా ఏం మాట్లాడుకోం. రూతు నంద్యాలలో హాస్టలులో ఉండి చదువుకుంటోంది. రెండు వారాలకొకసారి వస్తుంది, నాకు మందులు తెస్తుంది, వెళ్ళేటప్పుడు "పోయొస్తా అత్తా" అంటుంది. మంచి పిల్ల. బస్సు మలుపు తిరిగేదాకా చూసి ఇంట్లోకి వస్తే ఇల్లు ఖాళీగా ఉంటుంది. అది నేను చేసుకున్నదే కాబట్టి ఎవరికీ చెప్పుకోను.

కలిపే ఆపరేషన్ సంగతి కనుక్కుందామని రుద్రవరం నుంచి, ఆళ్ళగడ్డ నుంచి అప్పుడప్పుడు ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ఏ టెస్టులు ఉంటాయో, ఏ కాగితాలు కావాలో చెబుతాను. ట్యూబు కలిపిన తర్వాత నెల తప్పితే ఆ వారమే పోయి చూపించుకోమని కూడా చెబుతాను. కానీ వాళ్ళ ఇంట్లో ఎత్తుకొచ్చి పెంచుకుంటున్న బిడ్డ ఉంటే, ముందు అవేవీ చెప్పను. ఒకటే చెబుతాను. ఆఫీసులో ఎవరో అడిగేముందు, ఏ కాగితం మీదనో రాసేముందు, మీ బిడ్డను దగ్గర కూచోబెట్టుకుని మీ నోటితో మీరు చెప్పండి. నిన్ను కన్నది ఆమె, నిన్ను పెంచుకుంటున్నది నేను, రేపు ఆఫీసులో నేను ఏం చెప్పినా నువ్వు నా బిడ్డవే అని చెప్పండి. పట్టింపులు తర్వాత చూసుకోవచ్చు.

నేను ఒక్క రోజు ముందు చెప్పినా సరిపోయేది. ఇన్‌స్పెక్టరు వచ్చింది సోమవారం. ముందు రోజు ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, గడప దగ్గర కూచుని దానికి తల దువ్వాను. అది నా మోకాలి మీద తలపెట్టి నిద్రపోయింది కూడా. ఆ పూట నాకు వేరే పనేమీ లేదు.